పసరు, పత్యం, పరీక్ష

కామెర్లు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఏ మందూ వెయ్యకపోయినా తగ్గిపోతాయి. ఒక డాక్టరు రేడియోలో ఈ మాట అనడం వింతగా ఉండొచ్చు గానీ, నిజం. చెడిపోయిన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే నెమ్మదిస్తాయి. గర్భిణుల సంగతి వేరు. హెపటైటిస్ ఇ వాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి కళ్ళు పచ్చబడిన గర్భిణిని ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకూడదు. మిగతావాళ్ళలో కోలుకునేవాళ్ళే ఎక్కువ.

అయితే ఆ వారాల్లో మనిషి ఊరికే కూర్చోడు కదా. ఒకరు పసరు తాగుతారు, ఒకరు వాత పెట్టించుకుంటారు, ఒకరు తాయెత్తు కట్టించుకుంటారు. సున్నపు నీళ్ళతో చేతులు కడిగించి, నీళ్ళు పచ్చబడగానే కామెర్లు దిగిపోయాయని చూపించేవాళ్ళను మీలో కొందరు చూసే ఉంటారు. చేతులకు ముందుగా మామిడి బెరడు రసం పూసి ఉంటే సున్నపు నీళ్ళు పచ్చబడతాయి. ఆ పక్కనే నిలబడ్డ ఆరోగ్యవంతుడి చేతులకు పూసి కడిగినా అంతే పచ్చబడతాయి. కానీ అతని చేతులు ఎవరూ కడగరు.

నేనివాళ చెప్పబోయేదంతా ఆ రెండో మనిషి చుట్టూ తిరుగుతుంది. జబ్బు లేనివాడి చేతులు కూడా కడిగి చూశారా? మందు వేసుకోనివాళ్ళు ఏమయ్యారో కనుక్కున్నారా? కాలేయం విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం. ఎందుకంటే మన శరీరంలో ఇంతగా తనను తాను బాగుచేసుకోగల అవయవం మరొకటి లేదు. సగానికి పైగా కోసి తీసేసినా కొద్ది నెలల్లో దాదాపు పాత పరిమాణానికి పెరుగుతుంది. అది తన పని తాను చేసుకుపోతుంటే, పేరు మాత్రం ఆ వారం మనం మింగినదానికి పోతుంది.

దీర్ఘకాలిక కాలేయ వ్యాధిలో తికమక ఇంకో రకం. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వైరస్‌లు, సారా, కాలేయంలో పేరుకున్న కొవ్వు, ఈ నాలుగింటిలో ఏది కారణమైనా ఇరవై ముప్పై ఏళ్ళు నొప్పి లేకుండా నడుస్తుంది. దెబ్బతిన్న చోటల్లా గట్టి మచ్చ కడుతుంది. మచ్చలు కాలేయమంతా అల్లుకుంటే దాన్ని సిర్రోసిస్ అంటాం. పొట్టలో నీరు చేరినప్పుడో, నెత్తురు కక్కినప్పుడో, మనిషి మగతగా పడి అయినవాళ్ళను గుర్తుపట్టనప్పుడో ఇంటివాళ్ళకు తెలుస్తుంది. అప్పుడు కావలి నుంచి తడ దాకా మన తీరంలో ఏ ఊరివాళ్ళయినా నెల్లూరుకో, అక్కడి నుంచి చెన్నైకో పరుగు తీస్తారు. దారిలో పది మంది పది మందులు చెబుతారు.

ఆ పదింటిలో నేల ఉసిరి తప్పక ఉంటుంది. పొలం గట్ల మీద, పెరట్లో, వానలు పడగానే జానెడు ఎత్తున లేచే మొక్క. ఆకుల కింద వరసగా చిన్న చిన్న కాయలు. కామెర్లకు దీన్ని నూరి పాలలోనో మజ్జిగలోనో కలిపి ఇవ్వడం మన దేశమంతటా ఉన్న వైద్యం. దీని మీద జరిగిన పరిశోధన మనకు దగ్గరలోనే, మద్రాసులో జరిగింది. అందులో ఒక నోబెల్ శాస్త్రవేత్త పాలుపంచుకున్నాడు. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆయన పేరు బరూక్ బ్లంబర్గ్, అమెరికావాడు. 1960లలో ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఒక కొత్త పదార్థాన్ని చూసి, అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తేల్చిన బృందానికి నాయకుడు. 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నాం కదా, అది ఆయన పుట్టినరోజు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి.త్యాగరాజన్ బృందంతో కలిసి ఆయన నేల ఉసిరిని పరీక్షకు పెట్టాడు. హెపటైటిస్ బి ఒంట్లో తిష్ఠ వేసినవాళ్ళను తీసుకుని, కొందరికి మొక్క పొడి, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు 30 రోజులు ఇచ్చారు. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ పైపొర జాడ పోయింది. అంటే నూటికి 59 మంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది.

ఆ రోజుల్లో హెపటైటిస్ బి కి నోటి మాత్ర లేదు. గట్టు మీది మొక్క నెల రోజుల్లో సగం మందికి పైగా వైరస్‌ను తుడిచేస్తుందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? నా అభిప్రాయంలో ఇక్కడి దాకా ఈ కథలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. నాటు మందును ఎగతాళి చేయకుండా, మొక్కకు మొక్కుకోకుండా, మందు వేసుకోనివాళ్ళతో పోల్చి చూశారు. పైగా తమది తొలి ప్రయత్నం మాత్రమేనని వాళ్ళే రాసుకున్నారు.

తర్వాతి ఏళ్ళలో థాయ్‌లాండ్‌లో చూశారు, న్యూజిలాండ్‌లో చూశారు. ఆ ఫలితం మళ్ళీ రాలేదు. వైరస్ ఉన్నవాళ్ళలో అలాగే ఉంది. మొక్క రకంలో తేడానా, మట్టిలో తేడానా, మొదటి పరీక్షలో మనుషులు మరీ తక్కువ కావడం వల్ల లెక్క అటు ఒరిగిందా అని చాలా వాదనలు నడిచాయి. తర్వాత అన్ని పరీక్షలనూ ఒకచోట చేర్చి చూసినవాళ్ళు కూడా దీన్ని మందుగా సిఫారసు చేయడానికి తగిన ఆధారం లేదనే తేల్చారు. ఇవాళ హెపటైటిస్ బి ని అణచి ఉంచడానికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మాత్రలున్నాయి. ఏళ్ళ తరబడి, చాలామంది జీవితాంతం వేసుకోవాలి. అవి వైరస్‌ను పూర్తిగా తుడిచేయవు. కానీ కాలేయం చెడిపోవడాన్ని ఆపుతాయి, క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. ఇది పోల్చి చూసి తేల్చిన మాట.

ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. నాటు మందు అనేసరికి పరీక్షలు గుర్తొస్తాయా, ఇంగ్లీషు మందుకు అక్కర్లేదా అని. అక్కర్లేకేం! అదే తరాజు. ఒక ఉదాహరణ చెబుతాను. అప్పటికే చెడిన కాలేయం ఉన్నట్టుండి కుప్పకూలే స్థితి ఒకటుంది, అందులో చాలామంది బతకరు. ఎముక మూలుగ నుంచి తెల్లకణాలను బయటికి రప్పించే జి-సి.ఎస్.ఎఫ్. అనే ఇంజెక్షన్‌ను ఢిల్లీ వైద్యులు వాళ్ళకు ఇచ్చి చూశారు. 2012లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం 47 మంది. రెండు నెలల తర్వాత చూస్తే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో నూటికి 66 మంది బతికి ఉన్నారు, తీసుకోనివాళ్ళలో నూటికి 26 మందే. తర్వాత జర్మనీలో 176 మంది మీద అదే పరీక్ష పెట్టారు. లాభం కనిపించే సూచన లేక మధ్యలోనే ఆపేశారు. ఆ సంగతి 2021లో అచ్చయింది. మద్రాసు మొక్కకు ఏమయిందో, ఖరీదైన ఇంజెక్షన్‌కూ దాదాపు అదే అయింది. మొదటి చిన్న పరీక్షలో వెలిగినదల్లా పెద్ద పరీక్షలో నిలవదు. పేపర్లో కాలేయానికి కొత్త మందు అన్న వార్త చదివినప్పుడు, ఎంతమంది మీద చూశారు, రెండోసారి ఎవరు చూశారు అని వెతకండి. ఆ రెండూ వార్తలో లేకపోతే పేజీ తిప్పేయొచ్చు.

మొక్క కదా, చేస్తే మేలు చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది అనే మాటకూ జవాబు చెప్పాలి. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు తక్కువ. అప్పుడు కాలేయం వాచి ఆస్పత్రుల్లో చేరిన 43 మంది వివరాలను దేశంలోని 13 చోట్ల నుంచి సేకరించి 2022లో ప్రచురించారు. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వైద్యులు దానికి ముందు నిలబడ్డారు. అంతకు ముందే ముంబయి వైద్యులు ఆరుగురి గురించి రాశారు. తాగిన అందరికీ ఇలా కాదు. కాలేయ వ్యాధి ఇదివరకే ఉన్నవాళ్ళు, సొంత రోగనిరోధక శక్తే ఒంటి మీదికి తిరగబడే స్వభావం ఉన్నవాళ్ళు ప్రమాదంలో పడ్డారు. తిప్పతీగను పోలిన వేరే తీగను కోసి ఉంటారని ఆయుష్ వర్గాలు వాదించాయి. కావచ్చు. కానీ సీసా మీద పేరు చూసి కొనేవాడికి లోపల ఏ తీగ ఉందో తెలిసే దారి ఏదీ?

కరోనా అన్నాం కాబట్టి కృష్ణపట్నం గుర్తు రాక మానదు. 2021 మే నెలలో అక్కడ ఆనందయ్య గారు కరోనాకు ఇచ్చిన నాటు మందు కోసం ముత్తుకూరు దారి ఎలా కిక్కిరిసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందు ఇచ్చుకోవచ్చంది. ఆయన చెయ్యి చాచకుండా ఉచితంగా ఇచ్చారు, దానికి నేను నమస్కరిస్తాను. కానీ కరోనా కూడా చాలా ఎక్కువమందికి దానంతటదే తగ్గిన జబ్బు. వేసుకున్నవాళ్ళు ఇంతమంది బాగయ్యారన్న లెక్క దగ్గరే ఆగితే మళ్ళీ సున్నపు నీళ్ళ దగ్గరికే వస్తాం.

మరి పోల్చి చూడాలని మా మీద ప్రయోగాలు చేస్తారా అని అడుగుతారు. అడగాలి కూడా. 2009, 2010 మధ్య ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ఒక పథకంలో, హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మందుల పరీక్షలకు ఇప్పుడున్న నియమాలు 2019 నాటివి. మీ భాషలో వివరించి చెప్పాలి, మీరు ఒప్పుకోవాలి, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు, బయటికొచ్చారని మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా ఉంది. 2009 జూన్ నుంచి మన దేశంలో జరిగే ప్రతి మందు పరీక్షనూ ముందుగానే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. మిమ్మల్ని ఎవరైనా చేరమంటే ఆ నమోదు నంబరు అడగండి. చెప్పడానికి తడబడితే సంతకం చెయ్యకండి.

సరే, తిండి సంగతికి వద్దాం. నా దగ్గరికి వచ్చే కాలేయ రోగుల ఇళ్ళవాళ్ళు మందుల గురించి ఒక్క ప్రశ్న అడిగితే పత్యం గురించి పది అడుగుతారు.

కామెర్ల పత్యం మనకు తెలిసిందే. పసుపు వెయ్యకూడదు, పచ్చగా ఉన్నవాడికి పచ్చనిది పెట్టకూడదట. నూనె లేదు, తాలింపు లేదు, పప్పు లేదు, చేప అసలే లేదు. చప్పిడి కూడు, మజ్జిగ, చెరకు రసం. రెండు వారాల కామెర్లకు ఈ పత్యం పెద్దగా చెరుపు చెయ్యదు, ఎందుకంటే ఆ మనిషి ఎలాగూ కోలుకుంటాడు. సిర్రోసిస్ ఉన్నవాడికి ఏడాది పొడుగునా ఇదే పెడితే మాత్రం మనం ప్రేమగా వాడి కండ కరిగిస్తున్నట్టు. ఈ పాపంలో వైద్యులకూ వాటా ఉంది. కాలేయం చెడినవాళ్ళలో మాంసకృత్తుల నుంచి పుట్టే అమ్మోనియా మెదడుకెక్కి మగత తెస్తుందని, పప్పూ గుడ్డూ మాంసం మానిపించడం దశాబ్దాల పాటు పుస్తకాల్లోనే ఉంది. వినడానికి తర్కం బాగానే ఉంది. పోల్చి చూడలేదంతే. 2004లో బార్సిలోనా వైద్యులు మగతలోకి జారిన 30 మందిని రెండుగా విడదీసి, సగం మందికి మాంసకృత్తులు తగ్గించి, సగం మందికి మామూలుగా పెట్టారు. మగత తగ్గడంలో తేడా లేదు. తగ్గించి పెట్టినవాళ్ళలో ఒంటి కండ ఎక్కువగా విరిగిపోయింది. కండ కూడా అమ్మోనియాను శుభ్రం చేసే చోటే. దాన్ని కరిగించుకుంటే మగత ముప్పు పెరుగుతుంది. 2016లో ఢిల్లీ జి.బి.పంత్ ఆస్పత్రివాళ్ళు 120 మంది సిర్రోసిస్ రోగుల మీద ఇంకో అడుగు వేశారు. పైకి తెలియని తొలి దశ మగత ఉన్నవాళ్ళకు ఆరు నెలలు లెక్క ప్రకారం కడుపు నిండా, శాకాహార మాంసకృత్తులతో తిండి పెడితే నూటికి 71 మంది అందులోంచి బయటపడ్డారు. మామూలుగా వదిలేసినవాళ్ళలో బయటపడింది నూటికి 23 మంది.

ఇప్పుడు మేము చెప్పేది కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములుంటాయి, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, వంద గ్రాముల చేప ముక్కల్లో 20 దాకా. లెక్క వేసుకుంటే తెలుస్తుంది, చప్పిడి కూడు మీద ఈ అంకె అందుకోవడం అయ్యే పని కాదని. వంజరమో, చందువో, కానాగంతో, మీ రేవులో దొరికే పచ్చి చేప ఏదైనా సరే, రోగికి పెట్టండి. పెట్టనన్నవాళ్ళను నా పేరు చెప్పి ఒప్పించండి.

ఇంకో చిన్న విషయం, మందు చీటీలో కనపడనిది. చెడిన కాలేయం చక్కెరను నిలవ పెట్టుకోలేదు. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఎనిమిదికి ఇడ్లీ తినే సిర్రోసిస్ రోగి ఒంట్లో, ఆ పన్నెండు గంటల్లో, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే జరిగేది జరుగుతుంది. అంటే ప్రతి రాత్రీ కండను కాల్చుకుంటాడు. న్యూజిలాండ్‌లో 103 మంది రోగులకు ఒకే పోషకాహార పానీయాన్ని కొందరికి పగలు, కొందరికి పడుకోబోయే ముందు ఇచ్చి ఏడాది చూశారు. 2008లో ఫలితం వచ్చింది. రాత్రి తాగినవాళ్ళకు రెండు కిలోల కండకు సమానంగా పెరిగింది. పగలు తాగినవాళ్ళకు పెరగలేదు. పానీయం అదే, మోతాదు అదే, వేళ ఒక్కటే మారింది. డబ్బా పొడి కొనే స్తోమత లేకపోతే బాధ పడొద్దు. పడుకునే ముందు గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు, లేదా రాగి జావ. షుగరు ఉన్నవాళ్ళు ఏం తినాలో డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

చేప తినమన్నాను, ఉప్పు చేప మాత్రం కాదు. పొట్టలో నీరు చేరిన మనిషికి అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉప్పు, మన తీరానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టమూ ఉప్పే. ఇస్కపల్లి వైపు ఉప్పు మడులు, ప్రతి పట్టపుపాలెంలో ఇసుక మీద ఆరే నెత్తళ్ళు, చూరు కింద దాచిన ఉప్పు చేప, అన్నంలోకి ఊరగాయ. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, ఒక చిన్న చెంచా అనుకోండి. కూరలో వేసేదీ, మజ్జిగలో వేసేదీ, అప్పడంలో ఉన్నదీ అంతా అందులోకే. ఎండు చేప ఆ లెక్కను ఒక్క పూటలో తినేస్తుంది. ఉప్పు బొత్తిగా మానేయమని కూడా అనను. చప్పగా ఉందని అన్నమే మానేసే రోగులను చూస్తూనే ఉన్నాం, అది ఇంకా చేటు. మన చేపల పులుసులో ఒక సుగుణం ఉంది. చింతపండు, మామిడికాయ పులుపు నిలబడితే ఉప్పు కాస్త తగ్గినా నాలుక అంతగా గొడవ చెయ్యదు. సోడియం తగ్గించామని అమ్మే ఉప్పు ప్యాకెట్లు మాత్రం అడక్కుండా వాడకండి. వాటిలో పొటాషియం ఉంటుంది, నీరు తగ్గడానికి మేము రాసే మాత్రల్లో కొన్ని ఇప్పటికే పొటాషియాన్ని పెంచుతాయి.

సముద్రం దగ్గరివాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. వెచ్చటి ఉప్పునీటిలో, ముఖ్యంగా ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే చోట్ల, విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను సాధారణంగా ఏమీ చెయ్యదు. కాలేయం చెడినవాడి ఒంట్లోకి చిన్న గాయం గుండా దూరితే ఒకటి రెండు రోజుల్లో రక్తం విషమై చంపగలదు. కాబట్టి సిర్రోసిస్ ఉన్నవాళ్ళు కాలికో చేతికో పుండు ఉంటే రొయ్యల గుంటలోకి, కయ్యలోకి దిగొద్దు. పీత పట్టినా, వల కోసినా వెంటనే మంచినీళ్ళతో కడగండి. గాయం చుట్టూ ఎర్రబడి నీటి పొక్కులు లేచి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆల్చిప్పలు, రొయ్యలు, పీతలు బాగా ఉడికాకే తినండి.

కొవ్వు కాలేయం గురించి ఈ మధ్య అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి త్వరగా దాటేస్తాను. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. మనది పల్లెటూరు కదా అని ధీమా పడకండి, గుంటల గట్ల మీద కూడా ఇప్పుడు మోటారు సైకిళ్ళే నడుస్తున్నాయి. దీనికి 2024లో అమెరికాలో ఒక మాత్రకు అనుమతి వచ్చింది, పేరు రెస్మెటిరామ్. దానికన్నా ముందే, 2015లో, క్యూబా వైద్యులు 293 మందికి మందు లేకుండా తిండి, నడకలతో ఏడాది వైద్యం చేశారు. ఒంటి బరువులో పదో వంతు తగ్గించుకున్నవాళ్ళలో నూటికి 90 మందికి కాలేయం వాపు పోయింది. మచ్చ కూడా దాదాపు సగం మందిలో వెనక్కి తగ్గింది. పదో వంతు తగ్గించినవాళ్ళు కొద్దిమందే, అదీ చెప్పాలి.

సారా దగ్గరికి వచ్చేసరికి మా మందుల సంచి తేలికైపోతుంది. తాగుడు వల్ల కాలేయం ఒక్కసారిగా వాచి కళ్ళు పచ్చబడితే స్టిరాయిడ్ ఇవ్వాలా వద్దా అని 1970ల నుంచి వైద్యులు తగువులాడుకుంటున్నారు. చివరికి బ్రిటన్‌లో 1,103 మందితో పెద్ద పరీక్ష పెట్టి 2015లో ఫలితం చెప్పారు. స్టిరాయిడ్‌తో మొదటి నెలలో చావులు కొంచెం తగ్గినట్టు కనిపించింది గానీ, లెక్కలు దాన్ని గట్టిగా సమర్థించలేదు. మూడు నెలలకు, ఏడాదికి చూస్తే తేడానే లేదు. ఆ తర్వాత ఎవరు బతుకుతారన్నది చాలావరకు ఎవరు మళ్ళీ గ్లాసు పట్టలేదన్న దాని మీదే తేలింది.

మొత్తం జనం తాగడం మానేస్తే ఏమవుతుందో చీట్లు తీసి పరీక్ష పెట్టలేం. కానీ చరిత్ర ఒకసారి పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యారిస్ నగరంలో వైన్‌కు రేషన్ వచ్చింది. సిర్రోసిస్ చావులు నాలుగైదేళ్ళలో ఐదో వంతుకు పడిపోయాయి. యుద్ధం ముగిసి సీసాలు తిరిగి రాగానే మళ్ళీ పైకి లేచాయి. ముప్పై ఏళ్ళు నానిన జబ్బు కూడా, పోసేది ఆపితే ఇంత త్వరగా నిలబడుతుందని వైద్యులకు నేర్పింది అదే. మన నెల్లూరు జిల్లాలో ఈ పని యుద్ధం చెయ్యలేదు, ఆడవాళ్ళు చేశారు. 1990ల మొదట్లో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మ ముందు నడవగా ఊళ్ళో సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్ళు మొగుళ్ళ కాలేయం కోసం పోరాడలేదు, కూలి డబ్బు కోసం, ఒంటి మీది దెబ్బల కోసం పోరాడారు. అయినా కాలేయ వైద్యుణ్ణి అడిగితే, ఈ జిల్లాలో సారా జబ్బుకు జరిగిన అతి పెద్ద వైద్యం అదేనంటాను.

హెపటైటిస్ బి కి వస్తే, మందు కన్నా ముందే గెలిచే దారి ఉంది. పుట్టే సమయంలో తల్లి నుంచి ఈ వైరస్ అంటిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటితే నూటికి ఐదుగురికి మించి ఉండదు. కాబట్టి మొదటి రోజే అసలు రోజు. తైవాన్ 1984లో పుట్టిన బిడ్డలకు టీకా మొదలుపెట్టి, పిల్లల్లో కాలేయ క్యాన్సర్‌ను లెక్కపెడుతూ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లల్లో అది లక్షకు 0.70 నుంచి 0.36కు, అంటే సగానికి తగ్గిందని 1997లో ప్రపంచానికి చెప్పింది. ఒక క్యాన్సర్‌ను టీకాతో ఆపవచ్చని మనిషికి అప్పుడే రుజువైంది.

సరిగ్గా అదే ఏడాది, 1997 ఆగస్టులో, మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా షాన్‌వాక్-బి బయటికి వచ్చింది. దాని వెనక ఉన్నది మన జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి. డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో ఒక సభకు వెళ్ళి ఈ టీకా సంగతి, దాని ధర సంగతి విన్నాడు. భారతదేశానికి అంత సాంకేతికత ఎక్కడిదన్న చులకన మాటా పడ్డాడు. మరుసటి ఏడు తల్లి శాంత పేరిట హైదరాబాద్‌లో కంపెనీ పెట్టాడు. వైరస్ పైపొరను తయారుచేసే జన్యువును ఒక రకం ఈస్టులో పెట్టి, తొట్లలో పెంచి, ఆ పైపొరను వేరుచేయడం వాళ్ళు ఎన్నుకున్న పద్ధతి. బ్లంబర్గ్ గుర్తించిన ఆ పదార్థమే ఇక్కడ టీకా అయింది. విదేశాల నుంచి వచ్చేటప్పుడు వందల రూపాయలు పలికిన డోసు, పోటీ మొదలయ్యాక యాభై రూపాయల దరిదాపులకు దిగింది. ధర దిగాకే ప్రభుత్వం దీన్ని అందరు పిల్లలకూ వేయగలిగింది. 2002లో కొన్ని చోట్ల మొదలై, 2011కల్లా దేశమంతటికీ చేరింది.

అయినా 2022 లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 3 కోట్ల మంది ఒంట్లో హెపటైటిస్ బి, 55 లక్షల మంది ఒంట్లో హెపటైటిస్ సి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. సి కి ఇప్పుడు మూడు నెలల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. అమెరికాలో ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లకు అమ్మిన సోఫోస్‌బువిర్‌ను హైదరాబాద్ కంపెనీలు చవగ్గా తయారుచేయడం వల్లే మనదాకా వచ్చింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ రెండు వైరస్‌లకూ రక్త పరీక్ష, మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి? ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్ బి ఉంటే మిగతా అందరూ. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళు, ఒకే సూదితో వరసగా ఇంజెక్షన్లు వేసిన రోజుల్లో వైద్యం చేయించుకున్న పెద్దవాళ్ళు. ప్రతి గర్భిణీ, ప్రతి కాన్పుకూ. తల్లికి బి ఉందని తేలితే కంగారు పడక్కర్లేదు. కాన్పు ఆస్పత్రిలోనే జరగాలి, బిడ్డ పుట్టిన పన్నెండు గంటల లోపల ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ పడాలి. తల్లిలో వైరస్ మోతాదు ఎక్కువుంటే ఆఖరి నెలల్లో ఆమెకు మాత్రలు కూడా ఇస్తారు, కాబట్టి ఏడో నెల దాటకముందే డాక్టరుకు చెప్పాలి. తల్లికి బి లేకపోయినా బిడ్డకు మొదటి టీకా పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో పడాలి. ఆదివారమనీ, అమావాస్య అనీ, ఇంటికి తీసుకెళ్ళి మంచిరోజు చూసి వేయిస్తామనీ వాయిదా వెయ్యకండి. డిశ్చార్జి చీటీ చేతికి తీసుకునేటప్పుడు అందులో ఆ టీకా పేరు, వేసిన తేదీ, గంట రాసి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే నిలబడి అడగండి.